మొదటి ఆర్‌సీ విమానం సంగతి ఇంట్లోనే తేల్చుకోండి

మొదటి ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) విమానం ఎలా కూలిందని ఎవరిని కదిపినా తప్పు గాలి మీదకో మోటారు మీదకో నెట్టేస్తారు. చాలాసార్లు అసలు కారణం ఇంటి దగ్గరే ఉంటుంది. బరువు తోక వైపు మొగ్గి ఉంటుంది, లేదా తోక దగ్గర కదిలే పలకలు, అంటే కుడి ఎడమలకు తిరిగే రడ్డరో పైకీ కిందికీ కదిలే ఎలివేటరో, తిరగాల్సిన వైపు కాక రెండో వైపు తిరుగుతుంటుంది. పొలానికి బయల్దేరకముందే ఈ రెండూ చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

మొదటిదానికి ఫైటర్ జెట్ మోడళ్ళ జోలికి పోవద్దు, రెక్క బాడీ పైన ఉండే ట్రైనర్ (నేర్చుకునేవాళ్ళ మోడల్) చాలు. 5 మి.మీ. ఫోమ్ బోర్డుతో 120 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు రెక్క, లోపల వెదురు బద్ద. ఎయిలరాన్లు (రెక్క వెనకంచున కదిలే పలకలు) లేకుండా రడ్డర్, ఎలివేటర్, థ్రాటిల్ (మోటారు వేగం)తో సరిపెట్టుకుంటే రెక్కకు మధ్యలో వంపు తప్పనిసరి. ఒక సగాన్ని బల్ల మీద చదునుగా ఆనిస్తే రెండో సగం కొస 12 సెం.మీ. పైకి లేవాలి. ఆ వంపు ఉంటేనే రడ్డర్ తిప్పగానే విమానం ఒరిగి మలుపు తీసుకుంటుంది, రిమోట్ మీది స్టిక్ వదిలేస్తే తనంతట తాను సర్దుకుంటుంది. రెక్కను బాడీకి అతికించొద్దు, రబ్బరు బ్యాండ్లతో కట్టండి. దెబ్బ తగిలితే ఊడి పక్కకు జరుగుతుంది, విరగదు.

మోటారు ఏ2212, 1000 కేవీ (ఒక్కో వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు). దానికి 10×4.5 అంగుళాల ప్రొపెల్లర్, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసేది), 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, రడ్డర్‌ను ఎలివేటర్‌ను కదిపే 9 గ్రాముల సర్వోలు రెండు. మొత్తం 800 గ్రాములు దాటకుండా చూసుకోండి. ప్రొపెల్లర్ మీద అంకెలున్న ముఖం ముందుకు ఉండాలి. తిరగేసి బిగించినా చప్పుడు బాగానే వస్తుంది గానీ సరిగ్గా లాగదు. మోటారే ఉల్టా తిరుగుతుంటే మూడు వైర్లలో ఏ రెండింటినైనా మార్చండి. వెనక నుంచి చూస్తూ ఎడమ స్క్రూల కింద ఒక వాషర్, పై స్క్రూల కింద ఒక వాషర్ వేస్తే మోటారు కాస్త కుడికి, కాస్త కిందికి చూస్తుంది. అది లేకపోతే థ్రాటిల్ పెంచినప్పుడల్లా ముక్కెత్తి ఎడమకు లాగుతుంది.

ఇక బ్యాలెన్స్. బ్యాటరీతో సహా అన్నీ బిగించాక, రెక్క ముందంచు నుంచి 5 సెం.మీ. వెనక, కింది వైపు రెండు పక్కలా గీత గీయండి. ఆ గీతల దగ్గర చూపుడు వేళ్ళతో ఎత్తితే విమానం సమంగానో, ముక్కు కొంచెం వాలుగానో నిలవాలి. తోక వాలితే ఆ పూటకు ఎగరెయ్యొద్దు. ముక్కు బరువైన విమానం మొండిగానైనా ఎగురుతుంది. తోక బరువైనది స్టిక్ తాకగానే ముక్కెత్తి, వేగం చచ్చి, ఒక రెక్క మీద కూలుతుంది. ముందుగా బ్యాటరీని సెంటీమీటరు చొప్పున ముందుకు జరపండి, అప్పటికీ చాలకపోతేనే ముక్కులో సీసం ముక్క.

సర్వోలు చూసేటప్పుడు ప్రొపెల్లర్ తీసేసి విమానం వెనక నిలబడండి. ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారై, సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టుకుంటారు. స్టిక్ కుడికి నెడితే రడ్డర్ వెనకంచు కుడికి, మన వైపు లాగితే ఎలివేటర్ వెనకంచు పైకి రావాలి. తేడా ఉంటే చేతిలోని ట్రాన్స్‌మిటర్ (రిమోట్)లో రివర్స్ చేస్తే సరి, సర్వో ఊడదీయక్కర్లేదు. ఎలివేటర్ పైకీ కిందికీ 12 మి.మీ. కదిలితే చాలు. అప్పుడే మోటారు తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగితే మోటారును ఆపే ఏర్పాటు) పెట్టలేదన్నమాట.

శ్రీకాకుళం, విజయనగరం వైపు దీనికి మంచి కాలం వరి కోతలయ్యాక, సంక్రాంతికి అటూ ఇటూ. మళ్ళు ఖాళీగా కనిపిస్తాయి గానీ, చాలా చోట్ల కోతకు ముందే మినుములో పెసలో చల్లేసి ఉంటారు. కొయ్యకాళ్ళ మధ్య వంగి చూస్తే మొలకలు కనిపిస్తాయి. రైతును అడగకుండా దిగొద్దు. ఆ కొయ్యకాళ్ళకు తగులుకుంటే చక్రాలున్న విమానం పల్టీ కొడుతుంది, కాబట్టి చక్రాలు పీకేసి, పొట్ట కింద బ్రౌన్ టేపు వేసి, పొట్ట మీదే దించండి. మంచుకు తడిసి ఫోమ్ బోర్డు కాగితం లేచిపోకుండా కూడా ఆ టేపే కాస్తుంది. నాగావళి ఇసుక మెత్తగా ఉందని ఆశపడితే అది మోటారు బేరింగుల్లోకి, సర్వో పళ్ళలోకి చేరుతుంది. కళింగపట్నం బీచ్ అసలే వద్దు, పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పెరుగుతుంది. ఎక్కడైనా ఉదయం తొమ్మిదిలోపు ముగించుకోవడం మేలు.

భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల వాళ్ళు ముందు డిజిటల్ స్కై (కేంద్ర ప్రభుత్వ డ్రోన్ల సైట్) మ్యాప్‌లో తమ ఊరు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనల్లో గ్రీన్ జోన్‌కు 400 అడుగుల ఎత్తే హద్దు, నడుస్తున్న విమానాశ్రయానికి 8 నుంచి 12 కి.మీ. మధ్యనైతే 200 అడుగులే.

మొదట మోటారు ఆపి, గాలికి ఎదురుగా, ముక్కు పైకెత్తకుండా విసరండి. నేల మీదుగా సాఫీగా జారితే సరే. ముక్కెత్తి కూలితే బ్యాటరీ ఇంకాస్త ముందుకు జరపాలి. ఆ తర్వాతే మోటారు. తాటిచెట్ల కంటే బాగా పైకి వెళ్ళేదాకా మలుపు తిప్పొద్దు. విమానం మీకు ఎదురొస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలితే స్టిక్ ఆ వైపే నెట్టండి, లెవెల్ అవుతుంది. టైమర్ 8 నిమిషాలు పెట్టుకోండి. దిగాక ఒక్కో సెల్ 3.7 వోల్టులకు తగ్గకూడదు, ఇంట్లో దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బిన లైపోను మళ్ళీ ఛార్జింగ్ పెట్టొద్దు.

విరిగితే గ్లూ గన్‌తో అతుక్కుంటుంది, గన్ మరీ వేడెక్కితే ఫోమ్ కరుగుతుంది. తోక దగ్గర అతికిస్తే మాత్రం బ్యాలెన్స్ మళ్ళీ చూడాల్సిందే. తోక పొడవు ఎక్కువ, ముక్కు పొట్టి. అక్కడ చేరిన 10 గ్రాముల జిగురుకు ముక్కులో దాదాపు 30 గ్రాములు కావాలి.