దక్షిణపు కిటికీ, నెల రోజుల మెంతికూర

నల్లగొండ, డిసెంబర్ 21, ఆదివారం

ఈ రోజు మధ్యాహ్నం 12 గంటలు దాటి పది నిమిషాలయ్యేసరికి, దక్షిణపు కిటికీలోంచి పడిన ఎండ గోడకు నాలుగు అడుగుల దూరంలో ఉన్న షాబాదు బండల అతుకును తాకింది. బడిలో లెక్కలు చెప్పే అలవాటు ఇంట్లోనూ వదలదు కాబట్టి, సుద్దముక్కతో అక్కడ ఒక గీత గీసి తేదీ వేశాను. సంవత్సరంలో పగలు అన్నిటికన్నా పొట్టిగా ఉండే రోజు ఇది. మన ఊరు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక, ఈ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి, సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంత వాలుగా వస్తే తప్ప కిటికీ పైనున్న రెండడుగుల సజ్జను తప్పించుకొని ఎండ మా గదిలోకి రాలేదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరానికి వెళ్లిపోతాడు. అప్పుడు ఊరంతా ఎండతో మాడిపోతున్నా ఈ కిటికీ గడప మీద ఒక్క కిరణం పడదు. అందువల్ల ఈ కిటికీ దగ్గర కుండీల్లో నేను చేసే సేద్యానికి ఉన్నది చలికాలపు పంట ఒక్కటే.

మేముండేది రెండో అంతస్తులో, అద్దెకు. డాబా మీద కుండీలు పెడితే స్లాబు కారుతుందని ఇంటి యజమాని తలుపుకు తాళం వేసుకున్నారు. ఆయన భయంలో న్యాయం ఉంది కాబట్టి నేను వాదించలేదు. మిగిలింది ఈ కిటికీ. మా అత్తమ్మకు మాత్రం ఇది మొదటి నుంచీ నవ్వులాటగానే ఉంది. దేవరకొండ వైపు ఊళ్లో నలభై ఏళ్లు చెలకలో కష్టపడిన మనిషి. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక మా దగ్గరికి వచ్చి, మధ్యాహ్నం పూట ఆ ఎండ పలకలోనే చాప పరుచుకొని కాళ్లు చాపుకొని కూర్చుంటుంది.

ఈ ఉదయం మెంతికూర కోశాను. నవంబర్ 23న రాత్రంతా నానబెట్టిన గుప్పెడు మెంతులను, ద్రాక్షపండ్లు వచ్చిన థర్మాకోల్ పెట్టెకు అడుగున చిల్లులు పొడిచి, రెండు పాళ్ల ఎర్రమన్ను, ఒక పాలు మాగిన పెంట ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి అందులో చల్లాను. మూడో రోజుకే మొలకలు వచ్చాయి. మొక్కలన్నీ అద్దం వైపే వంగుతుండటంతో రెండు రోజులకొకసారి పెట్టెను తిప్పి పెట్టేదాన్ని. సరిగ్గా నాలుగు వారాలకు వచ్చిన దిగుబడి బజారులో ఒక చిన్న కట్టకు సమానం. అత్తమ్మ దాన్ని చేతిలో ఆడించి, "పది రూపాల కూరకు నెల దినాలు కావలి కాస్తివి బిడ్డా" అన్నది. ఆమె లెక్కలో తప్పు లేదు. మన్ను, ఎరువు, పొట్టు ఖరీదు కలిపితే ఇంకా సిగ్గుపడాల్సి వస్తుందని నేను కలపలేదు.

కొత్తిమీర విషయంలో నా మూర్ఖత్వం ఒప్పుకోవాలి. మొదటిసారి ధనియాలను అలాగే వేస్తే నాలుగైదు మాత్రమే మొలిచాయి. అత్తమ్మ చూసి, గుడ్డలో కట్టిన ధనియాలను పాత చెప్పుతో రుద్ది, ఒక్కొక్క గింజ రెండు బద్దలయ్యేలా చేసి ఇచ్చింది. అవి పదో రోజుకు గుంపుగా లేచాయి. ఆ సంబరంలో కిటికీ గడప మీద చోటు చాలక కుండీని గది మధ్యలోని బల్ల మీద పెట్టాను. అక్కడ పుస్తకం చదువుకునేంత వెలుతురు ఉంది, కానీ వారానికి మొక్కలు దారాల్లా సాగి పడిపోయాయి. మన కన్ను మసక వెలుతురుకు ఇట్టే అలవాటు పడుతుంది, మొక్క పడదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పిల్లలను తీసుకెళ్లినప్పుడు, గర్భగుడిలో శివలింగం వెనక రోజంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడను చూపించి, అది నేరుగా పడే ఎండ వల్ల కాదని, స్తంభాల మధ్య చెదిరి లోపలికి వచ్చే వెలుతురు వల్ల ఏర్పడుతుందని వివరించింది నేనే. చెదిరిన వెలుతురు నీడను నిలబెట్టగలదు గాని కొత్తిమీరను పెంచలేదన్న సంగతి నా బల్ల దగ్గరికి వచ్చేసరికి తోచలేదు.

టమాట ఇంకా బాకీగానే ఉంది. రోజుకు నాలుగు గంటల పాటు పడే ఎండతో ఆకుకూర సరిపెట్టుకుంటుంది. కాయ కాసే మొక్క ఆరు గంటలైనా అడుగుతుంది. పైగా ఇంట్లో గాలి ఊపదు, తుమ్మెద రాదు. టమాట పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉన్నా, కదిలిస్తే తప్ప పుప్పొడి రాలదు. పది పూలు పూసి తొమ్మిది రాలిపోయాక, రోజూ పదకొండు గంటలకు పాత టూత్‌బ్రష్ కొసతో పూల కాడను తడుతున్నాను. ఈ రోజు ఒక పువ్వు వెనక మిరియపు గింజంత ఆకుపచ్చని పిందె కనిపించింది. మిరపకు పట్టిన పేనుబంకకు మాత్రం వేపనూనె చల్లి ఊరుకున్నాను.

నీళ్ల గురించి ఒక మాట రాసిపెట్టుకోవాలి. బోరు నీళ్లు పోసిన కుండీల అంచులకు తెల్లని పెచ్చు కడుతోంది. నల్లగొండలో తెల్లగా ఏది కనిపించినా ఫ్లోరైడ్ అనుకోవడం అలవాటైపోయింది, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంకరపోయిన కాళ్లను చూసినవాళ్లకు అది సహజం. కానీ ఫ్లోరైడ్ కంటికి కనిపించదు, ఈ పెచ్చు నీళ్లలోని సున్నపు లవణాలది. కృష్ణా నీళ్లు నల్లాలో వచ్చిన రోజున రెండు బకెట్లు పట్టి ఉంచి అవే పోస్తున్నాను. తాగునీటిని శుద్ధి చేసే యంత్రం నుంచి బయటికి పోయే వృథా నీటిని మొక్కలకు పోయమని చాలామంది చెప్తారు. లవణాలన్నీ చిక్కబడి చేరేది అందులోనే కాబట్టి, దానితో ఇల్లు కడుగుతున్నాను.

సాయంత్రం మెంతికూర పప్పులో వేశాము. నలుగురికి తలా రెండు ముద్దలకు సరిపోయింది, జొన్నరొట్టె మిగిలింది. అత్తమ్మ మాట్లాడకుండా తిని, తర్వాత మెంతుల డబ్బా ఎక్కడుందని అడిగింది. గిన్నెలు కడిగి వచ్చి చూస్తే, గుప్పెడు మెంతులు నీళ్లలో నానుతున్నాయి; మన్ను నింపిన పాత రేకు పళ్లెం నేను గీసిన సుద్ద గీతకు లోపల, రేపటి ఎండ పడే చోట ఉంది; ఆమె చాప మాత్రం గీతకు ఇవతల పరిచి ఉంది.