పేరు దాస్తే లెక్క ఎలా తేలుతుంది?

నిన్న ఓ సెమినార్‌లో లా ప్రొఫెసర్లు సమాచార హక్కు, గోప్యతల మీద గట్టిగానే వాదించుకున్నారు. ఇంటికొచ్చాక కూడా మనసు అక్కడే ఉంది.

2005 సమాచార హక్కు చట్టంలోని పాత 8(1)(జె) సెక్షన్ ప్రకారం, ప్రజా వ్యవహారాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే ఇవ్వకుండా ఉండొచ్చు; ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాల్సి వచ్చేది. 2023 డేటా రక్షణ చట్టంలోని 44(3) సెక్షన్ ఆ షరతులన్నీ తీసేసింది. వ్యక్తిగతమైతే చాలు, ఇవ్వక్కర్లేదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు చెప్పిన 2017 పుట్టస్వామి తీర్పు తర్వాత ఇది సబబేనని ఒకాయన వాదన. ప్రజాప్రయోజనం ఉంటే సమాచారం ఇవ్వడానికి అదే సమాచార హక్కు చట్టంలో 8(2) ఉంది కదా అని కూడా అన్నారు. ఉంది, నిజమే. కానీ హాని కన్నా ప్రయోజనమే ఎక్కువని అధికారికి అనిపించాలి!

నాకైతే మా ఊరి ఉపాధి హామీ సామాజిక తనిఖీ గుర్తొచ్చింది. గ్రామసభలో మస్టర్ (కూలీల హాజరు పట్టీ) చదువుతున్నారు: పేరు, పని రోజులు, కూలి. ఓ పెద్దావిడ లేచి, "నేను ఆ పనికి పోనే లేదయ్యా" అంది. దాంతో దొంగ మస్టర్ బయటపడింది. పేరు చదవకపోతే ఆవిడకు తెలిసేదే కాదు. ఆ తనిఖీకి వేరే చట్టం అండ ఉంది, సరే. మరి సమాచార హక్కు కింద రేషన్, పింఛన్ల లెక్కలు అడిగేవాళ్ల గతేంటి?

గోప్యతా చట్టం సమాచార హక్కుకు అడ్డు రాకూడదని గోప్యత మీద వేసిన జస్టిస్ ఏపీ షా నిపుణుల కమిటీ 2012లోనే చెప్పింది. పాత 8(1)(జె) సెక్షన్‌ను తిరిగి తేవాల్సిందే.