ఐస్ హాకీ లీగ్‌లోకి ఒక కొత్త ఊరు: లైసెన్స్ ఫైలుతో నా పాట్లు

నిన్న సాయంత్రం లైసెన్స్ వచ్చింది. షరతులు పెట్టారు, అయినా వచ్చింది. ఇంకో వారం ఆగితే నేనూ అందరిలాగా "అబ్బే, పెద్ద కష్టమేం కాలేదండీ" అనేస్తాను కాబట్టి, ఒళ్ళు మండుతున్నప్పుడే రాసేస్తున్నాను.

నాది విజయవాడ. వియన్నాలో ఎమ్మెస్సీ చేసి ఇక్కడే ఒక చిన్న అకౌంట్స్ ఆఫీసులో చేరాను. బేకరీల జీఎస్టీ లాంటి లెక్కలు చూసుకుంటూ హాయిగా ఉన్నదాన్ని పిలిచి మా బాస్ ఒక ఫైలు చేతిలో పెట్టాడు. సరిహద్దు అవతల ఒక ఊరి ఐస్ హాకీ క్లబ్ ఆస్ట్రియా లీగ్‌లో చేరాలనుకుంటోంది, లైసెన్స్ దరఖాస్తు మనమే తయారు చెయ్యాలి, నువ్వే చూడు అని. ఊరి పేరు చెప్పను. చెబితే క్లబ్ ఏదో తెలిసిపోతుంది, క్లబ్ తెలిస్తే ఆ ఐస్ హాల్ తెలిసిపోతుంది, ఆ హాల్‌తో నాకు ఇంకా పని ఉంది. మా ఫ్రెండ్స్ గ్రూపులో ఈ సంగతి పెడితే ఒకటే నవ్వులు. బెజవాడ ఎండల్లో పెరిగినదానికి ఐస్ హాకీ ఏంటే అని.

పేరుకి ఆస్ట్రియా లీగ్ గానీ అందులో ఎప్పటినుంచో బయటి ఊళ్ళు ఉన్నాయి. 2006లో స్లొవేనియా నుంచి యెసెనీత్సె వచ్చింది, మరుసటి ఏడాది అక్కడిదే ల్యుబ్ల్యానా, హంగరీ నుంచి సేకెష్‌ఫెహెర్వార్, 2009లో క్రొయేషియా నుంచి జాగ్రెబ్, 2011లో చెక్ నుంచి జ్నోయ్మో, 2013లో ఇటలీ నుంచి బోల్జానో. మ్యాపు మీద చూస్తే ముచ్చటగా ఉంటుంది. కానీ వచ్చినవాళ్ళంతా నిలబడలేదు. జాగ్రెబ్ జట్టు మెద్వెష్చాక్ మధ్యలో రష్యా వాళ్ళ పెద్ద లీగ్ కేహెచ్‌ఎల్‌కి వెళ్ళి, 2017లో వెనక్కొచ్చి, 2018-19 సీజన్ సగంలో చేతులెత్తేసింది. స్లొవేకియా జట్టు బ్రాటిస్లావా క్యాపిటల్స్ 2020లో చేరి, రెండో సీజన్ పూర్తి కాకుండానే తప్పుకుంది. సీజన్ మధ్యలో ఒక జట్టు పోతే మిగతావాళ్ళందరి షెడ్యూలూ తారుమారు, అమ్మిన టికెట్లకి జవాబు చెప్పుకోవాలి, పాయింట్ల పట్టిక మళ్ళీ లెక్కేసుకోవాలి. అందుకే కొత్తగా వస్తామన్నవాళ్ళని కాగితాలతో చంపుతారు. ఆ మాట వరకూ లీగ్‌ని నేను తప్పుపట్టను.

ఆడిట్ అయిన ఖాతాలు, స్పాన్సర్ల ఉత్తరాలు, బ్యాంకు గ్యారంటీ అన్నీ సాఫీగా అయిపోయాయి. వీడియో రివ్యూ కోసం గోల్ దగ్గర కెమెరాలు, లైటింగ్, కుర్ర జట్ల వివరాలు క్లబ్ వాళ్ళే ఇచ్చారు. బడ్జెట్ షీట్ నేను కట్టాను. బస్సు డీజిల్ నుంచి విరిగే స్టిక్కుల దాకా వేశాను, లీగ్ ఆడిటర్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆఫీసులో ఇలాంటి ఫైలుకి ప్రశ్న రాకపోవడం ఇదే మొదటిసారని మా బాస్ నోటితోనే అన్నాడు. చెప్పుకోవాలి కాబట్టి చెప్పుకుంటున్నాను.

క్లబ్ సొంత దేశపు హాకీ సమాఖ్య అనుమతి గురించి మాత్రం కొంచెం టెన్షన్ పడ్డాను. మా క్లబ్ పరాయి లీగ్‌లో ఆడుకోవచ్చు అని వాళ్ళు రాసివ్వాలి, లేకపోతే కథ అక్కడే ముగుస్తుంది. 2010లో లెవ్ అనే క్లబ్‌కి ఇదే జరిగింది. చెక్‌లోని హ్రాదెత్స్ క్రాలొవేలో ఉంటూ కేహెచ్‌ఎల్ ఆడాలనుకుంటే అక్కడి సమాఖ్య ఒప్పుకోలేదు. స్లొవేకియాలోని పోప్రాడ్‌కి మారి, 2011లో గానీ మొదలుపెట్టలేకపోయారు, ఆ మరుసటి ఏడాది ప్రాగ్‌కి మారారు. 2014లో కేహెచ్‌ఎల్ వాళ్ళ గగారిన్ కప్ ఫైనల్ దాకా వెళ్ళి, ఆ వేసవిలోనే డబ్బుల్లేక మూసేశారు. ఈ కథ చదివి రెండు రాత్రులు నిద్రపట్టలేదు నాకు. తీరా చూస్తే మా సమాఖ్య వాళ్ళు అడిగిన వారానికే ఉత్తరం ఇచ్చేశారు.

ఇంక మిగిలింది ఒకే ఒక్క కాగితం. సీజన్ మొత్తానికి ఐస్ హాల్ మాకు ఇస్తాం అని హాల్ వాళ్ళు సంతకం చేసిన ఒప్పందం. ఒక పేజీ. నన్ను ఏడిపించింది ఇదే.

హాల్ క్లబ్‌ది కాదు, నగరపాలక సంస్థది. యూరప్‌లో చాలా ఊళ్ళలో ఇంతే. ముందు క్రీడల విభాగానికి వెళ్ళాం, నేనూ, వాళ్ళ భాష వచ్చిన మా ఆఫీసు అబ్బాయీ. అక్కడి పెద్దమనిషి మా ఫైలు ముట్టుకోకుండానే, హాల్‌ని నడిపేది నగరం పెట్టిన కంపెనీ, అక్కడికి వెళ్ళండి అన్నాడు. కంపెనీ వాళ్ళు, ఇంత పెద్ద ఒప్పందం కౌన్సిల్ ముందుకి వెళ్ళాలి అన్నారు. కౌన్సిల్ ఆఫీసులో, ముందు హాల్ మేనేజర్ అభ్యంతరం లేదని రాసివ్వాలి అన్నారు. ఇది మొదటిరోజే చెప్పడానికి వాళ్ళ సొమ్మేం పోయింది? మన మున్సిపాలిటీ ఆఫీసుల్ని తిడుతుంటాం గానీ, అక్కడ కనీసం బయట జిరాక్స్ షాపు అతను ముందుగా ఎవర్ని కలవాలో చెబుతాడు.

హాల్‌కి వెళ్ళేసరికి గేటు దగ్గరి మనిషి నా మొహమూ, భుజానికున్న పెద్ద సంచీ చూసి వెనక గుమ్మం వైపు వేలు చూపించాడు. ఫుడ్ డెలివరీ అటు అని. సంచీలో ఉన్నది నాలుగు కిలోల లైసెన్స్ ఫైలు. మా ఆఫీసు అబ్బాయి ఏదో చెప్పాక లోపలికి వదిలాడు గానీ సారీ అనలేదు. ఇక్కడ ఉండే మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు, నేనూ అలవాటు పడ్డాననుకున్నాను. కానీ ఆ రోజు మెట్లెక్కుతుంటే కాళ్ళు వణికాయి, కోపంతో.

మేనేజర్ అరవై దాటిన ఒక ఆవిడ. గది కిటికీలోంచి ఐస్ మొత్తం కనిపిస్తుంది. కింద ఏడెనిమిదేళ్ళ పిల్లలు పడుతూ లేస్తూ స్కేటింగ్ నేర్చుకుంటున్నారు. నేను ల్యాప్‌టాప్ తెరిచి లీగ్ గురించి, ఊరికొచ్చే పేరు గురించి మొదలుపెట్టాను. రెండో స్లైడ్‌కే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, సొరుగులోంచి ఒక లావుపాటి రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టింది. పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఒక్కో గంటకీ ఒక గడి, రంగు పెన్సిళ్ళతో నింపి ఉంది. కుర్ర హాకీ జట్లకి నీలం, ఫిగర్ స్కేటింగ్‌కి ఎరుపు, టికెట్ కొనుక్కుని వచ్చే జనానికి ఆకుపచ్చ. రాత్రి తొమ్మిది తర్వాత గోధుమ రంగు, ఆఫీసులు అయ్యాక సరదాకి ఆడుకునే ముసలి హాకీ బ్యాచ్‌లు. తెల్ల గడి వెతికినా దొరకదు. పెన్సిల్, రబ్బరు నా ముందుకి తోసి, "మీ లీగ్‌ని ఎక్కడ పెడతారో మీరే పెట్టండి" అంది.

పెళ్ళిళ్ళ సీజన్‌లో కల్యాణ మండపం బుకింగ్ పుస్తకం చూసినవాళ్ళకి నా పరిస్థితి అర్థమవుతుంది.

లీగ్ ఎక్కువగా ఆడేది శుక్రవారం, ఆదివారం. సొంత హాల్లోనే 20కి పైగా మ్యాచ్‌లు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లే, కానీ గడియారం ఆగుతూ ఆగుతూ నడుస్తుంది, మధ్య విరామాల్లో జాంబోనీ బండి ఐస్ సాపు చెయ్యాలి, అంతకుముందు వార్మప్, పొద్దున మళ్ళీ రెండు జట్లకీ చెరోసారి ప్రాక్టీసు. అంటే మ్యాచ్ రోజు దాదాపు హాల్ అంతా మనదే కావాలి. ఆదివారమేమో గడులన్నీ ఆకుపచ్చ. వారమంతటిలో ఆ హాల్‌కి చేతినిండా డబ్బులొచ్చేది ఆ రోజే, ఇంటిల్లిపాదీ స్కేట్లు అద్దెకి తీసుకుంటారు. పైగా ఫిగర్ స్కేటింగ్‌కి ఐస్ కాస్త మెత్తగా ఉండాలట, హాకీకి గట్టిగా, ఇంకా చల్లగా. ఒకటి రెండు డిగ్రీల తేడాయే, కానీ అంత పెద్ద పలక కదా, మీట నొక్కగానే మారదు, గంటలు పడుతుంది. ఇదంతా ఆవిడ నాకు ఒకటో తరగతి పిల్లకి చెప్పినట్టు చెప్పింది, మా ఆఫీసు అబ్బాయి తలొంచుకుని అనువాదం చేస్తున్నాడు. అప్పుడు అడిగింది, "మీరెప్పుడైనా ఐస్ మీద నిలబడ్డారా?"

లేదన్నాను. ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

సరే, శుక్రవారాలు ఎలాగో సర్దాం. నీలం గడుల్ని బుధవారానికి జరిపి, ముసలి హాకీ బ్యాచ్‌ల్ని బతిమాలడం క్లబ్ బాధ్యత అన్నాం. ఆదివారం మ్యాచ్ సాయంత్రానికి తోసి, పొద్దుటి ప్రాక్టీసు మా జట్టు మానుకునేట్టు, జనం స్కేటింగ్ మధ్యాహ్నం రెండింటికి ఆపేట్టు, పోయిన టికెట్ల డబ్బు క్లబ్ కట్టేట్టు ఒప్పుకున్నాం. ఇంక అయిపోయింది, సంతకమే తరువాయి అనుకుంటుండగా ఆవిడ ఏప్రిల్ పేజీ తిప్పింది.

ఏప్రిల్‌లో గడులే లేవు. మార్చి ఆఖరుకి ఐస్ కరిగించేస్తారు, ఆ నేల మీద తోటపని సామాన్ల ఎగ్జిబిషన్ పెడతారు, ఊరంతా వస్తుంది, నగరానికి మంచి ఆదాయం. లీగ్ ఫైనల్స్ జరిగేది ఏప్రిల్‌లో. ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుని అడిగింది, "మీరు ఫైనల్‌కి వెళ్తారా?"

దీనికి ఏం చెప్పాలి? వెళ్తామంటే ఎగ్జిబిషన్ ఆపాలి, దాని నష్టం ఎవరు కడతారని అడుగుతుంది. వెళ్ళమంటే, మరి ఎందుకు చేరుతున్నారని అడుగుతుంది. కొత్త జట్టు కదా, మొదటి ఏడాది అంత దూరం వెళ్ళడం కష్టమేలెండి అని నెమ్మదిగా అన్నాను. "బోల్జానో వెళ్ళింది" అంది వెంటనే. నిజమే. 2013 వేసవిలో, జాగ్రెబ్ ఖాళీ చేసిన స్థానంలోకి ఆఖరి నిమిషంలో వచ్చిన జట్టు, 2014 ఏప్రిల్‌లో ఆస్ట్రియా జట్టు సాల్జ్‌బర్గ్‌ని ఓడించి కప్పు పట్టుకుపోయింది. ఆస్ట్రియా బయటి జట్టు ఆ లీగ్ గెలవడం అదే మొదలు. మా ఫైలు ముందుమాటలో ఇదే కథ గొప్పగా రాసుకున్నాం, కొత్త ఊళ్ళు ఏం చెయ్యగలవో చూడండి అని. అదే ఇప్పుడు మా మెడకి చుట్టుకుంది. ఆ గదిలో నా కంటే ఆవిడకే హాకీ ఎక్కువ తెలుసు, ఆవిడకి నా కంటే తోట ఎగ్జిబిషన్ ముఖ్యం, రెండూ నిజమే, నా దగ్గర జవాబు లేదు. ఫైలు సంచీలో పెట్టుకుని బయటికొచ్చాం. హాల్ వెనకాల జాంబోనీ గీకి పారబోసిన ఐస్ పొడి నల్లగా మట్టికొట్టుకుని గుట్టగా ఉంది. దాని పక్కన నిలబడి మా బాస్‌కి ఫోన్ చేస్తే, "చిన్న విషయం కదా, మాట్లాడు" అన్నాడు. వియన్నాలో వేడి గదిలో కూర్చుని అన్నాడు.

ఆ తర్వాత రోజులు ఫోన్లతోనే గడిచాయి. దారి చూపించింది ఎవరో తెలుసా, ఎగ్జిబిషన్ పెట్టే పెద్దాయన. అవసరమైతే హాల్ ముందున్న పార్కింగ్‌లో టెంట్లు వేసుకుంటాను, అద్దె మీరు కట్టండి అన్నాడు. క్రీడల విభాగంలో జీతాలు తీసుకునే అంతమందిలో ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు. దాంతో ఒప్పందానికి అనుబంధ పత్రం ఒకటి రాశాం. జట్టు మార్చి దాటి ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌ల్లో ఉంటే టెంట్ల అద్దె, ఏప్రిల్ కరెంటు బిల్లు క్లబ్‌వే. నేను బడ్జెట్‌లో "ఫైనల్‌కి వెళ్తే అయ్యే ఖర్చు" అని కొత్త గడి చేర్చాను. ఇది చూసి లీగ్ నుంచి ఫోన్ చేశారు. ఏంటిది, గెలిస్తే మీకు నష్టమా అని. టికెట్ల ఆదాయం పక్క గడిలో ఉంది చూడండి అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆవిడ సంతకం పెట్టింది. పెట్టేముందు ఫిగర్ స్కేటింగ్ కోచ్‌ని పిలిపించి, పిల్లల పోటీల తేదీ ఎవరూ ముట్టుకోకూడదని ఒక లైను చేత్తో రాయించింది. ఆ లైను విషయంలో నేను ఆవిడ పక్షమే. పెద్దవాళ్ళ లీగులు వస్తుంటాయి పోతుంటాయి, జాగ్రెబ్‌ని చూశాం కదా. ఆ పిల్లలు ప్రతి శనివారం ఆరింటికే వచ్చి పడి లేస్తున్నారు.

ఇలాంటి పని ఎవరి నెత్తినైనా పడితే నేను చెప్పేది ఒకటే. స్పాన్సర్లనీ, లోగో గీసేవాళ్ళనీ తర్వాత చూసుకోండి, ముందు ఐస్ హాల్ మేనేజర్ గదికి వెళ్ళి ఆ రిజిస్టరు చూపించమనండి. ఏ ఊరు లీగ్‌లో చేరుతుందో నిజానికి తేలేది అక్కడే. ఏప్రిల్ పేజీ మీరే ముందు తిప్పండి. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళకండి. క్రీడల విభాగానికి అసలు వెళ్ళకండి, ఇది కక్షతో చెబుతున్న మాటే, అయినా వెళ్ళకండి. సంచీ బదులు బ్రీఫ్‌కేసు పట్టుకెళ్ళమని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. నేను సంచీయే పట్టుకెళ్తాను, గేటు దగ్గరి మనిషే అలవాటు పడాలి.

లైసెన్స్ షరతు కూడా ఆ అనుబంధ పత్రం గురించే. కౌన్సిల్ ముద్ర వేసిన ప్రతి జూన్‌లోగా పంపాలట. క్లబ్ వాళ్ళు సంబరంగా ఫోన్ చేసి నాకు సీజన్ టికెట్ బహుమతి అన్నారు. ప్రతి శుక్రవారం సరిహద్దు దాటి ఎవరు వెళ్తారండీ. థ్యాంక్స్ చెప్పి, మా ఫీజులో రావాల్సిన సగం ఈ నెలాఖరులోపు కట్టమని ఇందాకే మెయిల్ పెట్టాను.