ప్రేయర్‌లో పడిపోయిన రోజులు

నేను జీవశాస్త్రం టీచర్ని. "మజ్జాముఖం (మెదడు అడుగు భాగం) గుండె కొట్టుకోవడాన్నీ రక్తపోటునూ అదుపు చేస్తుంది" అని పదో తరగతి పిల్లల చేత పదిహేనేళ్లుగా రాయిస్తున్నాను. ఆ వాక్యం నా ఒంట్లోనే జరుగుతుంటే రెండేళ్లపాటు గుర్తుపట్టలేకపోయాను.

మొదటిసారి పడింది జులైలో, బడి ప్రేయర్‌లో. ప్రతిజ్ఞ అయిపోయి హెచ్ఎం గారు మాట్లాడుతున్నారు. ముందు వరసగా ఆవలింతలు వచ్చాయి. తర్వాత కడుపులో తిప్పింది, మెడ వెనక చల్లటి చెమట పట్టింది, మైకులో మాటలు బావిలోంచి వస్తున్నట్టు వినిపించాయి. కళ్లు బైర్లు కమ్మాయి. తెలివొచ్చేసరికి కుర్చీలో కూర్చోబెట్టి ఉన్నారు, గుప్పిట్లో ఎవరిదో తాళాల గుత్తి ఉంది. చేతులు కొట్టుకున్నాయట. ఫిట్స్ అని అందరూ ఒకే మాట అన్నారు.

మూడోసారి పడ్డాక టౌన్లో డాక్టరు గారు కూడా అదే అన్నారు. స్కానింగు, ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) బాగానే ఉన్నా ఎందుకైనా మంచిదని మాత్రలు రాశారు. పొద్దంతా మత్తు. ఎదురుగా కూర్చున్న పిల్లల పేర్లు నోటికి వచ్చేవి కావు. స్కూటీ తాళం మావారు బీరువాలో పెట్టేశారు. అత్తయ్య పొయ్యి దగ్గర నిలబడనిచ్చేవారు కాదు. నేను స్నానానికి వెళితే మా పాప తలుపు బయట పుస్తకం పట్టుకుని కూర్చునేది. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తుంది. ఇంత చేసినా, మాత్రలు వేసుకుంటూనే ఇంకో రెండుసార్లు పడ్డాను.

హైదరాబాద్‌లో చూసిన న్యూరాలజిస్టు ఫైలు తెరవకుండానే, "పడినప్పుడు చూసినవాళ్లు ఎవరమ్మా?" అని అడిగారు. నా వెనకే నిలబడే తొమ్మిదో తరగతి అమ్మాయికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "టీచర్ ముఖం ముందే తెల్లగా పాలిపోయింది సార్. మెత్తగా జారిపోయారు. పడ్డాకే చేతులు అదిరాయి, పది లెక్కపెట్టేలోపు ఆగిపోయాయి. కళ్లు తెరవగానే నన్ను పేరు పెట్టి పిలిచారు" అని చెప్పింది. ఫిట్స్ వచ్చినవాళ్లకు లేచాక చాలాసేపు అయోమయంగా ఉంటుందట. వెంటనే మనిషిని పోల్చుకోవడం దానికి పొసగదట. చేతులు అదరడం మెదడుకు కాసేపు రక్తం చాలక కూడా జరుగుతుంది. రెండేళ్లలో ఏ పరీక్షా చెప్పనిది ఆ పిల్ల చెప్పింది.

తర్వాత టిల్ట్ టేబుల్ పరీక్ష చేశారు. బల్ల మీద పడుకోబెట్టి, బెల్టులు కట్టి, 70 డిగ్రీలకు లేపి నిలబెట్టారు. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. 23వ నిమిషంలో అవే ఆవలింతలు. అంతవరకు 92 ఉన్న నాడి 38కి పడిపోయింది, పై బీపీ 60కి దిగింది. బల్ల వాల్చగానే తేరుకున్నాను. నాది ఫిట్స్ కాదు, నాడీ బీపీ పడిపోయి స్పృహ తప్పడం. ఏడ్చాను కూడా, భయంతో కాదు.

మనం లేచి నిలబడితే అరలీటరుకు పైగా రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. మెడలోని కరోటిడ్ ధమని గోడల్లో, గుండె పైనున్న బృహద్ధమని వంపులో ఒత్తిడిని కనిపెట్టే నాడుల కొసలున్నాయి. ఒత్తిడి తగ్గిన సంగతి 9, 10వ కపాల నాడుల ద్వారా మజ్జాముఖానికి చేరుతుంది. అది వెంటనే రక్తనాళాల్ని బిగించి, గుండె వేగం పెంచుతుంది. ఇంట్లో ఫ్రిజ్ పక్కన స్టెబిలైజర్ చేసే పనే ఇది. నా విషయంలో, చాలాసేపు నిలబడ్డాక ఆ స్టెబిలైజర్ తిరగబడుతోంది: బిగించాల్సిన నాళాల్ని వదిలేస్తోంది, గుండె వేగం తగ్గించే వేగస్ నాడి గుండెను తొక్కిపెడుతోంది. మెదడుకు రక్తం ఆరేడు సెకన్లు ఆగితే చాలు, స్పృహ పోతుంది.

"అయితే పేస్‌మేకర్ పెట్టాలా సార్?" అన్నాను. దానికి ఆయన ఒక పాత సంగతి చెప్పారు: లండన్‌లో థామస్ లూయిస్ అనే గుండె వైద్యుడు 1932లోనే గమనించాడట, గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు ఇస్తే నాడి వేగం పెరిగింది కానీ బీపీ లేవలేదని. అంటే గుండెను పరిగెత్తించినంత మాత్రాన సరిపోదు, వదులైన నాళాల సంగతి చూడాలి.

ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా మానకుండా, ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాను. రోజుకు రెండున్నర, మూడు లీటర్ల నీళ్లు. ప్రేయర్‌కు ముందు రెండు గ్లాసులు గటగటా తాగుతాను. మజ్జిగలో ఉప్పు కాస్త ఎక్కువే (నాకు బీపీ లేదు కాబట్టి చెప్పారు, ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు). అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం కాళ్లు మెలివేసి తొడలు, పిర్రలు బిగించడం, రెండు చేతులూ పెనవేసి చెరోవైపు లాగడం. కండరాలు బిగిస్తే కాళ్లలోని రక్తం గుండెకు ఎక్కుతుంది. మే నెలలో మా మరిది పెళ్లిలో, అక్షింతలు పట్టుకుని నిలబడ్డప్పుడు ఆవలింత మొదలైంది. పట్టుచీర కుచ్చిళ్ల కింద కాళ్లు మెలివేసి, తలంబ్రాలు అయ్యేదాకా అలాగే బిగించి ఉన్నాను. పడలేదు. పడి పద్నాలుగు నెలలైంది.

పోయిన నెల ప్రేయర్‌లో ఏడో తరగతి పాప కూలిపోయింది. నేను పరిగెత్తి వెళ్లేసరికే పెద్దపిల్లలు ఆమెను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఇద్దరు కాళ్లు పైకెత్తి పట్టుకున్నారు. ఎవరో కుర్చీ తెస్తుంటే, నా వెనక నిలబడే ఆ అమ్మాయే "వద్దు సార్, లేపకండి" అంటోంది.