మిలాన్‌లో ఆ తల్లి

ఇవాళ మిలాన్‌లో స్ఫోర్జా కోటలో శిల్పి మైకెలాంజెలో చెక్కిన రొండానిని పియెటా చూశాను. పియెటా అంటే చనిపోయిన ఏసును పట్టుకున్న తల్లి మేరీ శిల్పం. రోమ్‌లో ఉన్న ప్రసిద్ధ పియెటాను మైకెలాంజెలో పాతికేళ్ల ప్రాయంలో చెక్కాడు. అక్కడ కొడుకు తల్లి ఒడిలో ఉంటాడు, పాలరాయి అద్దంలా మెరుస్తుంది. ఇక్కడ తల్లి నిలబడి, జారిపోతున్న కొడుకును వెనకనుంచి పట్టుకుంది. ముఖాలు సగమే తేలాయి, ఉలి గాట్లు అలాగే ఉన్నాయి. శిల్పి మధ్యలో మార్చేసిన పాత రూపంలోని చేయి ఒకటి, నున్నగా, దేహానికి దూరంగా ఇంకా మిగిలి ఉంది. నా కళ్లు పదేపదే దానిమీదికే పోయాయి.

1564లో, 88 ఏళ్ల వయసులో, కన్నుమూయడానికి కొద్దిరోజుల ముందు వరకూ ఆయన దీన్ని చెక్కుతూనే ఉన్నాడట. శిల్పం వెనక్కి వెళ్లి చూస్తే కొడుకే తల్లిని వీపున మోస్తున్నట్టు కనిపించింది. చాలాసేపు అక్కడే నిలబడ్డాను. బయటికొచ్చి అమ్మకు ఫోను చేశాను.