కడప విమానం, కడప రైలు: రాయితీ ఎవరి జేబులోంచి?

ఆన్‌లైన్‌లో తీసిన రైలు టికెట్ అడుగున ఒక చిన్న లైను ఉంటుంది: ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే రైల్వే వసూలు చేస్తోందని. ఆ లెక్కన 300 రూపాయల టికెట్‌కి అసలు ఖర్చు 526, తేడా 226. కానీ అది అన్ని తరగతుల సగటు. జనరల్, లోకల్ రైళ్లలో నష్టం ఎక్కువ. ఏసీ త్రీ టైర్ మాత్రం లాభం తెచ్చిన ఏళ్లున్నాయని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికల్లోనే ఉంది. అందుకే ఆ 57ని పట్టుకుని మీ టికెట్ రాయితీ ఇంత అని తేల్చకండి.

విమానం లెక్క వేరు. చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్. 2017 ఏప్రిల్ 27న అది మొదలైన రోజే సిమ్లా–ఢిల్లీతో పాటు కడప–హైదరాబాద్ కూడా ఎగిరింది. గంట ప్రయాణానికి గరిష్ఠ ధర అప్పట్లో 2,500. అదీ సగం సీట్లకే: 72 సీట్ల ఏటీఆర్ అనే చిన్న విమానంలో 36. మిగతా సీట్ల ధర కంపెనీ ఇష్టం. ఆ తక్కువ ధర వల్ల వచ్చే లోటును ప్రభుత్వం పూడుస్తుంది; అందుకు సీటుకి తక్కువ సాయం అడిగిన కంపెనీకే రూటు. ఆ సొమ్ములో రాష్ట్రం 20 శాతం పెట్టుకోవాలి, మిగతా 80 ప్రధాన రూట్ల విమానాల మీద వేసిన లెవీ (ప్రత్యేక రుసుము) నుంచి వస్తుంది. ఇవి కాక ఇంధనం మీద వ్యాట్ 1 శాతానికి దించాలి, పోలీసు, ఫైర్ సిబ్బందిని రాష్ట్రమే ఉచితంగా ఇవ్వాలి. రైలుతో పోల్చేవాళ్లు చాలామంది వదిలేసేది ఈ ఖర్చునే.

ఒక్కో రూటుకి ఈ సాయం మూడేళ్లే. 2023 కాగ్ నివేదిక చూడండి: ఉడాన్-3 (మూడో విడత) వరకు ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసినవి 112, ఆ తర్వాతా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ఎయిర్‌పోర్టు సిద్ధం కాకపోవడం, చిన్న కంపెనీల దగ్గర విమానాలు లేకపోవడం, సాయం ఆగగానే గిట్టుబాటు కాకపోవడం ఇందుకు కారణాలు. కడప రూటు నడిపిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. కడప మీదుగా వెళ్లే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌కి అలాంటి గడువు లేదు.

అలాగని రైలు రాయితీ పద్ధతి బాగుందనను. 2022-23లో ఆ రాయితీ 56,993 కోట్లని రైల్వే మంత్రి చెప్పారు. ప్రయాణికుల నష్టాన్ని పూడ్చేది సరుకు రవాణా, అందులో పెద్ద వాటా బొగ్గుది. బొగ్గు కిరాయి పెరిగితే థర్మల్ కరెంటు ఖర్చు పెరుగుతుంది. జనరల్ బోగీలో వెళ్లే మనిషికి ఇచ్చినదాంట్లో కొంత అతని కరెంటు బిల్లులోనే తిరిగి లాగుతున్నాం. ఆ లోటును బడ్జెట్ నుంచి నేరుగా ఇవ్వాలి. రైలు టికెట్ మీద సగటు కాకుండా ఆ తరగతి శాతం వేయాలి. ఉడాన్ టికెట్ మీద కూడా ఆ సీటుకి ఇచ్చిన సాయం ఎంతో రూపాయల్లో ముద్రించాలి.