పాత నాస్ పెట్టె నుంచి కొత్తదానికి: మూడు వారాల పని

మొదటి వారం

బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంట్లో టీవీ బల్ల కింద నాస్ పెట్టె, అంటే ఇంటి ఫైళ్లన్నీ నెట్‌వర్క్ మీద దాచుకునే డిస్కుల పెట్టె, ఉంటుంది. ఒక రాత్రి అందరూ పడుకున్నాక అందులోంచి టక్ టక్ మని చప్పుడు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాలు తెరిస్తే 197వ వరుసలో, అంటే చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టర్ల (డేటా రాసే చిన్న గడుల) లెక్కలో, 8 కనిపించింది. గురువారానికి అది 24 అయింది. ఎనిమిదేసి చొప్పున పెరగడం వింతేమీ కాదు. డిస్కు లోపలి అసలు సెక్టరు 4,096 బైట్లది. బయటికి దాన్నే 512 బైట్ల ముక్కలు ఎనిమిదిగా చూపిస్తుంది.

రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండే మిర్రర్ కదా, చెడినదాన్ని తీసి కొత్తది పెడితే సరిపోతుందనుకున్నాను. ఆపింది 9వ వరుస, అంటే డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చెప్పే లెక్క. రెండో డిస్కు కూడా 47,000 గంటలు తిరిగింది, అంటే అయిదేళ్ల నాలుగు నెలలు. రెండూ ఒకే రోజు, ఒకే దుకాణంలో కొన్నవి. కొత్త డిస్కును నింపాలంటే ఈ ముసలిదాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివించాలి. అంత శ్రమ పెట్టేదేదో, ముందు ఫైళ్లను బయటికి తీసుకోవడానికే పెడదామనిపించింది. చప్పుడు చేస్తున్న డిస్కును సీరియల్ నంబరు సరిచూసుకుని బయటికి తీశాను. ఆ నంబరు కాగితం మీద రాసుకోకుండా డిస్కు పీకవద్దు. రెండూ చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి.

రెండో వారం

ఆదివారం ఎస్‌పీ రోడ్డులో చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే వెళ్లాను. ఆఫీసుల్లో వాడి వదిలేసిన చిన్న డెస్క్‌టాప్, 8 జీబీ మెమరీతో, దొరికింది. 4 టీబీ డిస్కుల దగ్గర మాత్రం గంట పట్టింది. "రెండూ ఒకటే సార్, ఇది చవక" అన్నాడు దుకాణంలోని అబ్బాయి, నెల్లూరు యాసలో. ఒకటి కాదు. చవకది ఎస్‌ఎంఆర్. అందులో డేటా రాసే ట్రాకులు బంగాళా పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవన్నీ లేపి మళ్లీ పేర్చాలి. మిర్రర్‌ను తిరిగి నింపేటప్పుడు అది రోజుల తరబడి నడుస్తుంది. నాస్ కోసమని అమ్మిన కొన్ని డిస్కులు కూడా ఇలాంటివేనని 2020లో బయటపడింది. అందుకే మోడల్ నంబరును తయారీదారు పట్టికలో చూసి, సీఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కనిది) అని తేలాకే డబ్బు ఇచ్చాను. రెండోది పక్క దుకాణంలో కొన్నాను, ఒకే బ్యాచ్‌వి కాకూడదని. రెండింటికీ రాత్రంతా స్మార్ట్ దీర్ఘ పరీక్ష నడిపాను.

ఆ డెస్క్‌టాప్‌లో ట్రూనాస్ వేశాను, మామూలు కంప్యూటర్‌ను నాస్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ అది. దాని సిస్టమ్‌కు వేరే డిస్కు కావాలి, ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ సరిపోయింది. అందులోని జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ కోసమే ఈ తంటా అంతా. ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్, అంటే డేటా చెడిందో లేదో చెప్పే సరిచూపు సంఖ్య, ఉంటుంది కనుక రెండు కాపీల్లో ఏది సరైనదో దానికి తెలుస్తుంది. పాత మిర్రర్‌కు ఆ తెలివి లేదు.

పాత పెట్టె నుంచి ఫైళ్లు కాపీ చేయడానికి ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టాను. సెకనుకు 11 ఎంబీ! 1.4 టీబీకి ఒకటిన్నర రోజు. పాత పెట్టెనే తిట్టుకున్నాను, కానీ తప్పు దానిది కాదు. పడకగది తలుపు కింద నుంచి వెళ్లే నెట్‌వర్క్ తీగ నలిగి చపాతీలా అయిపోయింది. గిగాబిట్‌కు నాలుగు జతలూ బాగుండాలి, 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. ఎప్పటినుంచి అలా నడుస్తోందో! వేరే తీగ పెడితే 70కి చేరింది, ఆరు గంటల్లో అయిపోయింది.

అయిపోయింది కానీ మూడు ఫైళ్లను డిస్కు చదవలేకపోయింది. అందులో ఒకటి నాన్న హార్మోనియం మీద పాడిన తత్వాలు, క్యాసెట్టు నుంచి ఎక్కించినది. అమ్మకు చెప్పలేదు.

ఆ రాత్రే, పక్కన పడేసిన టక్‌టక్ డిస్కును యూఎస్‌బీకి తగిలించి, చదవడానికి మాత్రమే తెరిచాను. రెండో నిమిషంలో నాన్న గొంతు వినిపించింది. రెండు డిస్కులూ చెడ్డవే, చెడ్డచోట్లు మాత్రం వేరు వేరు. ఏళ్ల తరబడి ఒక్కసారైనా స్క్రబ్ (డిస్కుల్లోని డేటా అంతా చదివి తప్పులు వెతకడం) చేయకపోవడం వల్ల రెండోదాని గాయాలు నాకు కనిపించనే లేదు. రెండు ఫైళ్లు దక్కాయి. మూడోది 2011 నాటి వాషింగ్ మెషీన్ రసీదు. పోతే పోనీ.

మూడో వారం

యూపీఎస్ యూఎస్‌బీ తీగను కొత్త పెట్టెకు తగిలించి, బ్యాటరీ మీద అయిదు నిమిషాలు దాటితే ఆగిపోయేలా పెట్టాను. గోడ ప్లగ్గు పీకి చూశాను, మర్యాదగా ఆగింది. సాయంత్రం గాలివానకు కరెంటు పోయినప్పుడు మరోసారి ఆగింది. స్క్రబ్ నెలకొకసారి. మొదటిది మూడు గంటల లోపే అయింది, తప్పులు సున్నా.

మిర్రర్ బ్యాకప్ కాదు కనుక తత్వాలు, ఫొటోలు ఒక యూఎస్‌బీ డిస్కులో పెట్టి వచ్చే నెల గుంటూరులో అక్క ఇంటికి పంపాలి. తీగను తలుపు కింద నుంచి తప్పించడమూ మిగిలింది. గోడకు రంధ్రం పెట్టడానికి ఇంటి యజమాని ఒప్పుకోవడం లేదు.